వైపౌట్ లాంటి ఆట కావాలంటే ఏది కొనాలి: ఒమేగా కలెక్షన్, బాలిస్టిక్ ఎన్‌జీ, రీడౌట్, పేసర్

వైపౌట్ అంటే నేలకి తగలకుండా తేలే షిప్పులతో, ఆయుధాలతో సాగే రేసింగ్ ఆట. తేల్చాల్సింది ముందే తేల్చేస్తాం. ఇంట్లో పీఎస్4 గానీ పీఎస్5 గానీ ఉంటే వైపౌట్ ఒమేగా కలెక్షన్ తీసుకోండి. పీసీ ఒక్కటే ఉంటే బాలిస్టిక్ ఎన్‌జీ. ఆయుధాలు అక్కర్లేదు, వేగం ఉంటే చాలనుకుంటే రీడౌట్ 2. షిప్‌ని, ఆయుధాల్ని మనమే కూర్చుకుని కొట్లాడటం ఇష్టమైతే పేసర్. ఈ మాత్రం చాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు.

మిగతావాళ్ళకి ఒక హెచ్చరిక. ట్రైలర్లలో ఈ ఆటలన్నీ ఒకేలా ఉంటాయి: నేలకి తగలకుండా తేలే షిప్పులు, నియాన్ వెలుగులు, ఎలక్ట్రానిక్ సంగీతం. కంట్రోలర్ చేతిలోకి వచ్చాక మాత్రం దేని దారి దానిదే. గ్రాఫిక్స్ చూసి కొన్నవాళ్ళు వారం తిరక్కుండా పక్కన పడేయడానికి కారణం ఇదే. మలుపులో షిప్ ఎలా తిరుగుతుంది, గోడ తగిలితే ఎంత నష్టపోతాం, చేతికొచ్చిన ఆయుధంతో ఏం చేయొచ్చు అనే మూడింటిని బట్టి ఎంచుకోవాలి.

అసలు వైపౌట్ సంగతి

మొదటి వైపౌట్ 1995 సెప్టెంబరులో, యూరప్‌లో ప్లేస్టేషన్‌తో పాటే అమ్మకానికి వచ్చింది. చేసింది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కి చెందిన సిగ్నోసిస్. షిప్పుల మీది లోగోలు, తెర మీది అక్షరాల తీరు షెఫీల్డ్‌కి చెందిన ది డిజైనర్స్ రిపబ్లిక్ చేతి పని. కోల్డ్ స్టోరేజ్ అనే పేరుతో టిమ్ రైట్ సంగీతం ఇచ్చాడు. ఆ తొలి ఆటలో గోడ తగిలితే షిప్ దాదాపు నిలిచిపోయేది. 1996లో వచ్చిన వైపౌట్ 2097లో ఆ కాఠిన్యం తగ్గింది, గోడకి రాసుకుంటూనైనా ముందుకు పోవచ్చు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, బాలిస్టిక్ ఎన్‌జీ దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

తర్వాత సోనీ చేతి కన్సోల్ పీఎస్‌పీలో ప్యూర్ 2005లో, పల్స్ 2007లో వచ్చాయి. 2008లో పీఎస్3కి వైపౌట్ హెచ్‌డీ, 2009లో దానికి ఫ్యూరీ విస్తరణ, 2012లో పీఎస్‌పీ తర్వాతి చేతి కన్సోల్ వీటాకి వైపౌట్ 2048. అదే ఏడాది ఆగస్టులో సోనీ ఆ లివర్‌పూల్ స్టూడియోని మూసేసింది. సిరీస్ అంతటితో ముగిసిందనుకున్నారు. 2017 జూన్‌లో హెచ్‌డీ, ఫ్యూరీ, 2048 మూడింటినీ కలిపి పీఎస్4కి తెచ్చిందే ఒమేగా కలెక్షన్.

ఒమేగా కలెక్షన్: ఎవరికి, ఎందుకు

ఇందులో 26 ట్రాకులు, 46 షిప్పులు ఉన్నాయి. అంకెల కంటే ముఖ్యమైన మాట ఒకటుంది. వీటాలో 2048 సెకనుకి 30 ఫ్రేముల దగ్గరే నడిచేది. ఇక్కడ 60. పీఎస్4 ప్రోలో అయితే 4కేలో కూడా 60. ఇంత వేగమున్న ఆటలో ఫ్రేములు రెట్టింపయితే మలుపు ముందుగా కనబడుతుంది, చెయ్యి ముందుగా కదులుతుంది. వీటాలో 2048 ఆడి నచ్చక వదిలేసినవాళ్ళు కూడా దీన్ని మరోసారి చూడటం మంచిది.

ఆట పట్టంతా ఎయిర్‌బ్రేకుల్లో, అంటే షిప్‌ని ఒక పక్కకి గట్టిగా తిప్పే బ్రేకుల్లో ఉంది. ఎల్2 ఎడమ ఎయిర్‌బ్రేక్, ఆర్2 కుడిది. కొత్తవాళ్ళు చేసే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: మలుపులోకి దిగాక బ్రేక్ నొక్కి, మలుపు అయిపోయేదాకా పట్టుకునే ఉంటారు. అలా చేస్తే షిప్ ముక్కు లోపలికి తిరుగుతుంది కానీ ఒళ్ళు మాత్రం పాత దిశలోనే జారుతుంది. బయటి గోడ తగిలి వేగమూ, షిప్ ప్రాణం లాంటి షీల్డూ రెండూ పోతాయి. మలుపుకి కాస్త ముందే స్టిక్ తిప్పండి. మలుపు మొదట్లో ఎయిర్‌బ్రేక్ కొద్దిసేపు నొక్కి, ముక్కు లోపలి అంచు వైపు తిరగగానే వదిలేయండి. షిప్‌ని ముందుకు తోసే థ్రస్ట్ బటన్ మీద నుంచి మాత్రం వేలు తీయొద్దు. గోడ మరీ దగ్గరికి వస్తే అదే ఎయిర్‌బ్రేక్‌ని టకటకా రెండుసార్లు నొక్కండి, షిప్ పక్కకి ఒక్క గెంతు గెంతుతుంది. సైడ్‌షిఫ్ట్ అంటే అదే. మొదట్లో అవసరమనిపించదు గానీ అన్నిటికంటే వేగమైన ఫాంటమ్ క్లాసుకి వచ్చాక అది లేకుండా గడవదు.

ఆయుధాల లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ట్రాక్ మీద ఉన్న ప్యాడ్ మీదుగా పోతే ఒక ఆయుధం చేతికొస్తుంది. దాన్ని పేల్చవచ్చు, దాచుకోవచ్చు, లేదంటే మింగేసి షీల్డ్ నింపుకోవచ్చు. ఇక్కడే బ్యారెల్ రోల్ వచ్చి కలుస్తుంది. గాలిలో ఉండగా స్టిక్‌ని ఎడమ, కుడి, ఎడమ అని చకచకా కదిపితే షిప్ ఒక చుట్టు తిరుగుతుంది, నేలకి దిగగానే బూస్ట్ వస్తుంది, బదులుగా షీల్డ్ కొంత పోతుంది. అంటే రాకెట్లు దొరికినప్పుడు ముందున్నవాణ్ణి కొట్టాలా, లేక మింగేసి వచ్చే జంప్ దగ్గర మరో బ్యారెల్ రోల్‌కి ఆ షీల్డ్ ఖర్చు పెట్టాలా అన్నది ప్రతి ల్యాపులోనూ తేల్చుకోవాల్సి వస్తుంది. ఈ ఒక్క బేరం కోసమే ఒమేగాని మిగతావాటి కంటే పైన పెడుతున్నాం. క్వేక్ లాంటి ఆయుధం దొరికితే మింగకండి. ట్రాక్ పొడవునా అల పరిగెత్తి ముందున్నవాళ్ళందరినీ ఎగరేస్తుంది, వెనకబడిపోయినప్పుడు అంతకు మించిన అవకాశం రాదు.

2048 భాగంలో ప్యాడ్లు రెండు రంగుల్లో ఉంటాయి: పసుపువి దాడికి, ఆకుపచ్చవి రక్షణకి. దాడి, రక్షణల్లో ఏది కావాలో మీ దారిని బట్టి ముందే ఎంచుకోవచ్చు. ఆ ట్రాకులు నగర వీధుల్లో, అడ్డదారులతో, కళ్ళు తిప్పుకోలేనంత హడావిడిగా ఉంటాయి. హెచ్‌డీ ట్రాకులు ప్యూర్, పల్స్ నుంచి వచ్చినవి, అందుకే శుభ్రంగా, చదవడానికి తేలికగా ఉంటాయి. కాబట్టి కథ కాలక్రమంలో ముందుది కదా అని 2048తో మొదలుపెట్టకండి. హెచ్‌డీలో అన్నిటికంటే తేలిక క్లాసు వీనమ్. దానితో, ఫైసార్ షిప్‌తో మొదలుపెట్టండి. ఫైసార్ తిరగడంలో మెత్తన, చిన్న తప్పులు క్షమిస్తుంది. వీనమ్ తర్వాత ఫ్లాష్, రేపియర్, ఫాంటమ్ వరుసగా వస్తాయి. గోడల నుంచి షిప్‌ని నెట్టే పైలట్ అసిస్ట్‌ని వీనమ్‌లో ఉంచుకోండి, ఫ్లాష్‌లో తీసేయండి. తీయకపోతే మీరు లోపలి అంచు పట్టబోయినప్పుడల్లా అది బయటికి లాగుతుంది. అలవాటైపోతే వదిలించుకోవడం కష్టం.

జోన్ మోడ్ గురించి ఒక మాట. అందులో ఆయుధాలు లేవు, థ్రస్ట్ కూడా మన చేతిలో ఉండదు. వేగం దానంతటదే పెరుగుతూ పోతుంది, మనం తిప్పడమే. మలుపుల గీత, అంటే షిప్ పోవాల్సిన దారి, నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. రంగులు, వెలుగులు మాత్రం వేగంగా మారుతుంటాయి. మెరుపు వెలుగులకి మూర్ఛ వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు దీని జోలికి పోకూడదు.

వీఆర్ కోసం, అంటే కళ్ళకి హెడ్‌సెట్ పెట్టుకుని ఆడటానికి, కొనాలనుకుంటే జాగ్రత్త. 2018లో ఉచితంగా వచ్చిన వీఆర్ అప్‌డేట్ పీఎస్4 కాలపు మొదటి పీఎస్ వీఆర్‌కే పనిచేస్తుంది. పీఎస్ వీఆర్2లో ఈ ఆట వీఆర్‌గా నడవదు. పీఎస్5కి పాత హెడ్‌సెట్ తగిలించాలంటే కెమెరా అడాప్టర్ కూడా కావాలి. పాత హెడ్‌సెట్ ఉన్నవాళ్ళు మొదట టైమ్ ట్రయల్‌లో (ప్రత్యర్థులు లేకుండా గడియారంతో పోటీ), వీనమ్‌లో, పది నిమిషాలకి మించకుండా ఆడండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక ‘ఇంకో రేస్’ అనుకుంటే ఆ రోజంతా పోతుంది.

బాలిస్టిక్ ఎన్‌జీ: పీసీవాళ్ళ వైపౌట్

నియోగ్నోసిస్ అనే చిన్న బృందం చేసిన ఈ ఆట పీసీ ఆటల దుకాణం స్టీమ్‌లో, తయారవుతుండగానే అమ్మే ఎర్లీ యాక్సెస్ దశ దాటి 2018 డిసెంబరులో పూర్తిగా విడుదలైంది. చూడ్డానికి 1990ల ప్లేస్టేషన్ ఆటలా ఉంటుంది: తక్కువ పాలిగాన్లు, ముతక టెక్స్‌చర్లు. కావాలని చేసిన పని అది. దాని వల్ల ఇంకో లాభం కూడా ఉంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు లాప్‌టాప్‌లోనూ హాయిగా నడుస్తుంది. ఆఫీసు లాప్‌టాప్ తప్ప వేరే దిక్కులేని వాళ్ళకి ఈ జాబితాలో నమ్మకంగా చెప్పగలిగేది ఇదొక్కటే.

పాత వైపౌట్ల నాడి వీళ్ళకి బాగా తెలుసు. ఎయిర్‌బ్రేకులు, సైడ్‌షిఫ్ట్, బ్యారెల్ రోల్, ఆయుధాన్ని మింగడం, అన్నీ ఉన్నాయి. క్వేక్ స్థానంలో ట్రెమర్, జోన్ స్థానంలో సర్వైవల్ ఉంటాయి. అసలు విశేషం, షిప్ నడిచే తీరునే మార్చుకోవచ్చు. తొలి ప్లేస్టేషన్ ఆటల్లా గోడ దగ్గర కఠినంగా ఉండే తీరు ఒకటి, పీఎస్‌పీ, హెచ్‌డీ కాలంలా మెత్తగా ఉండేది ఇంకొకటి. కొత్తవాళ్ళు మెత్తని దానితోనే మొదలుపెట్టాలి. చాలామంది ‘అసలైన అనుభవం’ కావాలని మొదటి రోజే కఠినమైనదాన్ని ఎంచుకుని, ప్రతి మలుపులో గోడకి అతుక్కుపోయి, ఆట బాగోలేదని తేల్చేస్తారు. ట్రాక్ కంఠతా వచ్చాక ఆ మోడ్‌కి వెళితే దాని రుచి తెలుస్తుంది.

స్టీమ్ వర్క్‌షాప్‌లో ఆటగాళ్ళు చేసిన షిప్పులు, ట్రాకులు బోలెడు దొరుకుతాయి. ఒమేగాకి లేని బలం ఇది. అయితే ఒకేసారి వందలకొద్దీ సబ్‌స్క్రయిబ్ చేయకండి. ఆట తెరుచుకోవడం నెమ్మదిస్తుంది, పైగా బయటి షిప్పుల్లో కొన్ని మిగతావాటి కంటే మితిమీరి వేగంగా ఉండి కంప్యూటర్ ప్రత్యర్థులతో పోటీ చప్పబడిపోతుంది. ముందు ఆటతో వచ్చిన ట్రాకులు పూర్తి చేయండి, తర్వాత బాగా రేటింగ్ ఉన్నవి నాలుగైదు చొప్పున తెచ్చుకోండి. అవుటర్ రీచెస్, మసెనో ఐలాండ్, నియాన్ నైట్స్ లాంటి డబ్బు పెట్టి కొనే విస్తరణలున్నాయి, వాటికి తొందరేమీ లేదు. పీసీ వీఆర్ హెడ్‌సెట్ ఉన్నవాళ్ళకి ఇందులో వీఆర్ కూడా ఉంది.

రీడౌట్, రీడౌట్ 2

ఇటలీలోని ట్యూరిన్‌కి చెందిన 34 బిగ్ థింగ్స్ మొదటి రీడౌట్‌ని 2016లో, రెండోదాన్ని 2022 జూన్‌లో తెచ్చింది. ఇది వైపౌట్‌కి దూరపు చుట్టమే. ఇక్కడ రెండు స్టిక్కులూ నిరంతరం పనిచేయాలి: ఎడమది తిప్పడానికి, కుడిది పక్కకి జరగడానికి, ముక్కు ఎత్తడానికి, దించడానికి. ట్రాక్ పైకి లేచే చోట ముక్కు ఎత్తకపోతే పొట్ట నేలకి రాసుకుని వేగం పోతుంది. మలుపులోకి ఎడమ స్టిక్‌తో తిరుగుతూనే కుడి స్టిక్‌ని లోపలి వైపుకి నెడితే షిప్ గీత మీద నిలబడుతుంది. వైపౌట్‌లో పదేళ్ళు తేలినవాళ్ళకి కూడా మొదటి కొన్ని గంటలు చేతులు మాట వినవు.

కొనేముందు తెలుసుకోవాల్సిన ముఖ్య విషయం, రీడౌట్ 2లో ఆయుధాల పోరు లేదు. బూస్ట్ ఎప్పుడు వాడాలి, షిప్ ఎంత వేడెక్కనివ్వాలి అన్నదే అక్కడి లెక్క. కొట్లాట కోసమైతే మొదటి రీడౌట్ చూడాలి. అందులో పవర్-అప్‌లని రేస్‌కి ముందే ఎంచి తగిలించుకుంటారు, ట్రాక్ మీద అదృష్టానికి దొరికేవి కావు. రెండూ అన్‌రియల్ ఇంజిన్ 4 మీద నడుస్తాయి కాబట్టి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, రెండోదానికి మరీనూ. కీబోర్డుతో రీడౌట్ 2 ఆడే ఆలోచన ఉంటే కొనకండి.

పేసర్

ఫార్ములా ఫ్యూజన్ పేరుతో మొదలై, 2020 అక్టోబరులో పేసర్‌గా బయటికి వచ్చింది. ఆర్8 గేమ్స్ చేసింది. పాత వైపౌట్‌లకి పనిచేసినవాళ్ళు కొందరు ఇందులో ఉన్నారు. రేస్‌కి ముందే ఆయుధాల్ని ఎంచుకుని, షిప్ ఇంజిన్, బ్రేకులు, తిరిగే తీరు మన ఇష్టానికి సర్దుకోవచ్చు. స్టార్మ్ అనే మోడ్‌లో ఒక వలయం ట్రాక్ మీద కదులుతూ ఉంటుంది, దాని బయట ఉంటే దెబ్బ తగులుతుంది. గెలవాలంటే పరుగుతో పాటు వలయంలో చోటు కూడా కాపాడుకోవాలి. చేతికి ఏది వస్తుందో తెలియని ఆ ఉత్కంఠ ఇక్కడ లేదు, దానికి బదులు ముందస్తు వ్యూహం ఉంది. మా దృష్టిలో వైపౌట్ బిగువు దీనికి కాస్త తక్కువ. కానీ షిప్ సర్దుకోవడంలో ఆనందం పొందేవాళ్ళకి ఒమేగాలో ఆ గ్యారేజీ దొరకదు.

కొన్నాక చేయాల్సిన సర్దుబాట్లు

వీటి మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఆటవి కావు, టీవీవి. బొమ్మని మృదువు చేసే ప్రాసెసింగ్ ఆన్‌లో ఉంటే బటన్ నొక్కిన 100 మిల్లీసెకన్ల తర్వాత తెర మీద ఫలితం కనబడటం మామూలే. గంటకి 600 కిలోమీటర్ల వేగంలో ఆ లోపు షిప్ 16 మీటర్లకి పైగా వెళ్ళిపోతుంది. మలుపు ఆలస్యంగా తిరుగుతోందని ఎయిర్‌బ్రేక్ ఎక్కువ నొక్కుతారు, అప్పుడు లోపలి గోడ తగులుతుంది. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసి, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఆడండి, బ్యాటరీ మీద చాలా మెషీన్లు వేగం తగ్గించుకుంటాయి.

స్టిక్ డ్రిఫ్ట్ (ముట్టుకోకపోయినా స్టిక్ కదిలినట్టు చూపే లోపం) ఉన్న పాత కంట్రోలర్‌తో ఒమేగా ఎలాగో నెట్టుకురావచ్చు. రీడౌట్‌లో కుడి స్టిక్ డ్రిఫ్ట్ అయితే షిప్ రేసంతా ఒక పక్కకి జరుగుతూనే ఉంటుంది. డెడ్‌జోన్‌ని (స్టిక్ చిన్న కదలికల్ని ఆట పట్టించుకోని హద్దు) డ్రిఫ్ట్ ఆగేంత వరకే పెంచండి, అంతకు మించితే చిన్న సవరణలు అందవు.

బాలిస్టిక్ ఎన్‌జీని కీబోర్డుతో ఆడేవాళ్ళకి ఇంకో చిక్కుంది. థ్రస్ట్, ఎడమ, ఎడమ ఎయిర్‌బ్రేక్, ఫైర్ నాలుగూ ఒకేసారి నొక్కాల్సి వస్తుంది. చవక కీబోర్డుల్లో చాలావాటికి మూడో నాలుగో అక్షరాల కీలు కలిపి నొక్కితే ఒకటి అందదు. ఎయిర్‌బ్రేకుల్ని ఎడమ షిఫ్ట్, ఎడమ కంట్రోల్ మీద పెట్టండి. ఈ కీలకి ఆ ఇబ్బంది సాధారణంగా ఉండదు.

డబ్బు దగ్గర

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే వాపసు అడగవచ్చు. ఆ రెండు గంటల్ని మెనూల్లో పోగొట్టుకోకండి. ముందు పది నిమిషాల్లో కంట్రోల్స్ సర్ది, ఒకే ట్రాక్ మీద తక్కువ వేగం క్లాసులో అరగంట టైమ్ ట్రయల్ ఆడండి. ల్యాప్ సమయం తగ్గుతూ వస్తుంటే చేతికి పట్టుబడుతున్నట్టే. తర్వాత అదే ట్రాక్ మీద ఒక క్లాసు పెంచి, ఆయుధాలతో రెండు రేసులు. అప్పటికీ మలుపు తిప్పడంలో సరదా కనిపించకపోతే వాపసు పెట్టేయండి. ప్లేస్టేషన్ స్టోర్‌లో మాత్రం డౌన్‌లోడ్ మొదలుపెడితే చాలు, మామూలుగా వాపసు హక్కు పోతుంది. అందుకే ఒమేగా విషయంలో అనుమానం ఉన్నవాళ్ళకి డిస్క్ మేలు, నచ్చకపోతే మళ్ళీ అమ్మేయొచ్చు. పీఎస్4 డిస్క్ పీఎస్5లో నడుస్తుంది, కానీ డిస్క్ డ్రైవ్ లేని పీఎస్5 డిజిటల్‌లో కాదు. వాడిన డిస్క్ కొంటే అడుగున లోతైన గీతలున్నాయేమో చూసి, అమ్మేవాళ్ళ కన్సోల్‌లోనే ఇన్‌స్టాల్ మొదలుపెట్టించి చూడండి.

ఆన్‌లైన్ పోటీల కోసం వీటిలో దేన్నీ కొనమని చెప్పలేం. ఒమేగాలో ఆన్‌లైన్‌లో 8 మంది దాకా ఆడేలా చేశారు, దానికి ప్లేస్టేషన్ ప్లస్ చందా కావాలి. ఇంత పాత, ఇంత చిన్న అభిమాన వర్గమున్న ఆటల్లో ప్రత్యర్థుల కోసం ఎదురుచూడక తప్పదు. ఇంట్లో ఇద్దరు ఉంటే ఒమేగాలోనూ బాలిస్టిక్ ఎన్‌జీలోనూ తెరని రెండుగా చీల్చుకుని ఆడవచ్చు, ఆ సుఖం వేరు.

ఫోన్‌లో వైపౌట్ రష్ అనే పేరు కనబడితే అదే ఆట అనుకోకండి. 2022లో వచ్చిన అది షిప్పుల్ని జతచేసి పెంచుకునే ఆట, మలుపులో షిప్ నడిపేది మీరు కాదు. నింటెండో స్విచ్ ఉన్నవాళ్ళకి 2023లో వచ్చిన ఎఫ్-జీరో 99 ఉంది. 99 మంది ఒకే రేసులో ఢీకొట్టుకుంటూ పోతారు, ఆయుధాలుండవు, స్విచ్ ఆన్‌లైన్ చందా కావాలి. 1995 నాటి మొదటి వైపౌట్‌నే చూడాలనుకునేవాళ్ళు డొమినిక్ సాబ్లెవ్‌స్కీ 2023లో దాని కోడ్‌ని తిరగరాసి బ్రౌజర్‌లో నడిచేలా చేసిన రూపం గురించి వెతకవచ్చు. ఆ పని 2022లో బయటికి పొక్కిన సోర్స్ కోడ్ మీద ఆధారపడింది, సోనీ అధికారికంగా ఇచ్చింది కాదు. అది ఆడేటప్పుడు గోడలకి దూరంగా, మలుపుకి చాలా ముందే తిరగడం మొదలుపెట్టండి. ఒమేగాలో అలవాటైన సైడ్‌షిఫ్ట్ అందులో ఉండదు.